సిల్క్‌సాంగ్ వంద శాతం పూర్తయింది, ఇష్టమూ తగ్గలా కోపమూ తగ్గలా

హాలో నైట్: సిల్క్‌సాంగ్ అనే వీడియో గేమ్ మొత్తం పూర్తి చేశా. కథ చివరిదాకా పోవడం ఒక్కటే కాదు, టూల్స్, మాస్కులు, స్పూల్‌లు, క్రెస్ట్‌లు అని గేమ్‌లో దాచిన సామాన్లన్నీ ఏరుకుని వంద శాతం. అప్పట్నుంచి ఎవరన్నా గేమ్ ఎట్టా ఉందని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నా. ఈ మధ్య కాలంలో నేను ఇంత ఇష్టపడ్డ గేమ్ ఇంకోటి లేదు, ఇంత కోపం తెప్పించిన గేమూ ఇంకోటి లేదు, రెండూ నిజమే, ఒకటి పెరిగితే రెండోది తగ్గడం కూడా లేదు.

కష్టంగా ఉందని కాదు నా కోపం. కష్టమైన గేమ్ కావాలనే కొన్నా. నేను చెప్పేదేందంటే ఈ గేమ్‌లో రెండు రకాల కష్టం ఉంది. ఒకటి కథలోంచి వచ్చిన కష్టం, అది ఎంత ఏడిపించినా నేను దాని పక్షానే మాట్లాడతా. ఇంకోటి ఊరికే మన టైమ్ తినే కష్టం, దానికి కథతో సంబంధం లేదు, నేర్పేదీ ఏం లేదు. వంద శాతం వెనక పడితే మొదటిది వెనక్కిపోయి రెండోదే ఎక్కువ మిగులుతుంది. ఇక్కడి నుంచి కథ కూడా చెప్పేస్తా కాబట్టి ఆడనోళ్ళు ఆడాక చదువుకోండి.

తెలియనోళ్ళ కోసం కొంచెం. మొదటి హాలో నైట్ 2017లో వచ్చింది, ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఉండే టీమ్ చెర్రీ అనే చిన్న టీమ్ చేసింది, డబ్బులు 2014లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర పోగుచేసుకున్నారు. అప్పుడిచ్చిన మాటల్లో ఒకటి హార్నెట్ అనే పాత్రతో కూడా ఆడనిస్తాం అని. అది పెరిగి పెరిగి విడి గేమ్ అయ్యి 2019 ఫిబ్రవరిలో సిల్క్‌సాంగ్ పేరుతో అనౌన్స్ అయింది, తర్వాత ఏళ్ళకేళ్ళు సప్పుడు లేదు, చివరికి 2025 సెప్టెంబర్ 4న మన టైమ్ సాయంత్రం ఏడున్నరకి వదిలారు, వదిలిన నిమిషాల్లోనే ప్రపంచమంతా గేమ్ స్టోర్లు మొరాయించాయి. ధర ఇరవై డాలర్లు. ఇంత పెద్ద గేమ్‌కి అది చాలా తక్కువ, ఆ విషయంలో వాళ్ళని ఒక్క మాట అనను. ఎందుకింత లేటయిందని అడిగితే చేస్తుంటే బాగుంది కాబట్టి చేస్తూ పోయామని చెప్పారు, ఆ ఇష్టం ప్రతి మూలలో కనపడుతుంది కూడా.

మా బాబాయి కొడుకు నెల్లూరులో ఉంటాడు, నేను కందుకూరు. ఇద్దరం మొదటి గేమ్ కలిసి ఆడినోళ్ళమే. ఇది వచ్చిన వారానికే వాడు ఫోన్ చేసి, "అన్నా, ఇది మనల్ని కొట్టడానికే చేశారన్నా" అన్నాడు. వాడి బాధేందో లెక్కేసి చెప్తా, ఎందుకంటే ఆన్‌లైన్‌లో జనం "కష్టం కష్టం" అంటారు గానీ ఎక్కడ కష్టమో చెప్పరు.

మొదట్లో మనకి ఐదు మాస్కులు, అంటే ఐదు ప్రాణాలు అనుకోండి. మొదటి గేమ్‌లో మొదట్లో వచ్చే శత్రువులు చాలా వరకు ఒక దెబ్బకి ఒకటే తీసేవాళ్ళు, కాబట్టి ఐదు దెబ్బలు ఓర్చుకోవచ్చు. సిల్క్‌సాంగ్‌లో మొదటి కొద్ది గంటల్లోనే చాలామంది బాస్‌లు, అంటే దారికి అడ్డం నిలబడే పెద్ద శత్రువులు, ఒక్క దెబ్బకి రెండు తీస్తారు. ఐదుకి రెండేసి పోతే మూడో దెబ్బకి చావు. సరే, నాలుగు మాస్క్ ముక్కలు వెతికి ఆరో మాస్క్ సంపాదించాం అనుకో, ఆరుకి రెండేసి పోయినా మూడో దెబ్బకే చావు! అంత తిరిగి తెచ్చుకున్న ఆరో మాస్క్ ఆ బాస్ ముందు లేనట్టే, ఏడోది వస్తేనే ఒక దెబ్బ ఎక్కువ ఓర్చుకుంటాం. హీలింగ్ కూడా అంతే. బైండ్ అనే హీలింగ్ కొడితే ఒకేసారి మూడు మాస్కులు వస్తాయి, చూడ్డానికి ధారాళంగా ఉంటుంది, కానీ ఒక మాస్క్ మీదున్నోడు నాలుగుకి వస్తే ఒక దెబ్బకి చచ్చేవాడు రెండో దెబ్బకి చస్తాడు, అంతే. శత్రువుల్ని కొట్టి పోగుచేసుకున్న సిల్క్ అనే దారంలో తొమ్మిది ఖర్చు పెట్టి కొనుక్కున్నది ఒకే ఒక్క దెబ్బ. ఇది తెలిశాక ఆట తీరే మారిపోతుంది, దెబ్బ తిని కోలుకోవడం కాదు, అసలు తినకుండా ఉండటం నేర్చుకోవాలి.

ఇందులో నాకు తప్పు కనపడలా. హార్నెట్ మొదటి గేమ్‌లో మనం ఆడిన నైట్ లాగా చిన్న మూగ పిల్ల కాదు. ఆమె పరిగెత్తుతుంది, గాల్లోనే హీల్ చేసుకుంటుంది, అంచులు పట్టుకుని పైకి లేస్తుంది, మాట్లాడుతుంది, ఎవరి ముందూ తగ్గదు. అంత వేగమున్న మనిషికి పాత గేమ్‌లోని మెత్తటి పురుగులు ఎదురు పెడితే అరగంటలో విసుగొస్తుంది, అందుకే మామూలు శత్రువులకి కూడా పక్కకి తప్పుకోవడం, వెంటపడటం, ఆగి కొట్టడం నేర్పారు. కిందికి కొట్టే దెబ్బ నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా పోతుందని చాలామంది తిట్టుకున్నారు, మా వాడైతే హంటర్స్ మార్చ్ అనే చోట కొట్టి ఎగరాల్సిన ఎర్ర పూల మీద ఎగరలేక కంట్రోలర్ పక్కన పడేసి భోజనానికి లేచాడంట. నాకు మాత్రం ఆ ఏటవాలు దెబ్బ అలవాటయ్యాక పాత నిలువు దెబ్బ మొద్దుగా అనిపించింది. అది నచ్చకపోతే వాండరర్ క్రెస్ట్ ఉంది, క్రెస్ట్ అంటే మన దెబ్బల తీరు మార్చేది, అది పెట్టుకుంటే దాదాపు పాత నైట్ లాగే ఆడొచ్చు. దారి చూపించరు గానీ దారైతే ఉంది.

ఇప్పుడు కథలోంచి వచ్చిన కష్టం అన్నా కదా, అది చెప్తా. ఫార్లూమ్ అనే రాజ్యం, దాని నెత్తిన సిటడెల్. కింద నుంచి యాత్రికులు ఎక్కుతా ఉంటారు, మెడలో పూసలు, నోట్లో పాట, దారి పొడుగునా చచ్చిపోయినోళ్ళ గుల్లలు. అక్కడ డబ్బు అంటే ఆ పూసలే, రోజరీలు. మనం చస్తే అవి పోతాయి, మళ్ళీ ఆ చోటుకి బతికి చేరితేనే దొరుకుతాయి. కూర్చుని కోలుకోడానికి, చస్తే మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టడానికి బెంచీ దొరికిందిరా అనుకుంటే దానికి కొన్ని చోట్ల పూసలు కట్టాలి. ప్రయాణానికి గంటల స్టేషన్ తెరవాలన్నా కట్టాలి. పూసలు పోకుండా దారానికి గుచ్చుకునే మెషీన్ ఒకటి పెట్టారు, అందులో ఎనభై పూసలు వేస్తే అరవై పూసల దండ వస్తుంది. ఇరవై మెషీన్‌కి.

మా పక్క మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, వారమంతా ఆగి ఆరోజు జనం చంకన పిల్లల్ని వేసుకుని ఎక్కుతారు, చెమటలు కారతా ఎక్కుతారు, ఒక్కరు కూడా ఆ కొండ ఎందుకంత ఎత్తుందని తిట్టగా నేను వినలా. పైన ఎవరో ఉన్నారన్న నమ్మకంతో ఎక్కేవాళ్ళకి ఎత్తు బాధ కాదు. ఫార్లూమ్ యాత్రికులు కూడా అట్టాంటోళ్ళే. తేడా ఏందంటే వాళ్ళ పైన ఎదురుచూసేది దేవుడు కాదు, వాళ్ళ పూసల్ని, పాటల్ని, చివరికి వాళ్ళ ఒంటిని కూడా పనికి వాడుకునే ఒక యంత్రాంగం. పూస పూస లెక్కపెట్టి బెంచీ కోసం ఏడ్చి ఏడ్చి పైకెక్కినోడికి, సిటడెల్ లోపల అడుగుపెట్టి ఆ బంగారు గోడలు చూసినప్పుడు వచ్చే కోపం ఉందే, అది డైలాగులతో వచ్చేది కాదు. గేమ్ మన చేత కట్టించింది కాబట్టి వచ్చింది. ఈ ఒక్క విషయానికి మొదటి భాగంలోని పిసినారితనం అంతా నేను ఒప్పుకుంటా. బెంచీలు ఫ్రీగా పెట్టమనేవాళ్ళతో అందుకే నాకు పడదు. రేట్లు తగ్గించమంటే అది వేరే సంగతి, తర్వాత ప్యాచ్‌లో కొన్ని తగ్గించారు కూడా.

లాస్ట్ జడ్జ్ కూడా అంతే. బ్లాస్టెడ్ స్టెప్స్ అనే ఇసుక గాలి కొండ ఎక్కి, గంటలు మోగించినోళ్ళకే తెరుచుకునే తలుపు దగ్గర ఈమె నిలబడి ఉంటుంది, చేతిలో గొలుసు, గొలుసు చివర నిప్పుల ధూపపు కుండ. దాన్ని తిప్పితే అరెనా సగం దాకా వస్తుంది, నేలకేసి కొడితే మంట లేస్తుంది, దెబ్బకి రెండు మాస్కులు. చస్తే మళ్ళీ ఆ ఇసుకలోంచి, కింద నుంచి కొరికే పురుగుల్ని తప్పించుకుంటా పైదాకా రావాలి. ఎట్టాగో ఆమెని కొట్టేశాం, ఆమె కూలబడింది, మనం సంతోషంగా దగ్గరికి పోతే ఆమె పేలిపోతుంది! ఒక్క మాస్క్ మీదుంటే మనమూ పోతాం. మా వాడు అది చూసి అరిచిన అరుపు ఫోన్లో నాకు ఇప్పటికీ గుర్తే. నేను మాత్రం దాన్ని తప్పుపట్టను. దేశం మొత్తాన్ని మోసంతో పైకి లాగుతున్న చోటికి కాపలా కాసేది చస్తా చస్తా కూడా దారి ఇవ్వకూడదు, ఇస్తే ఆ తలుపుకి విలువ లేదు.

ఇక ఇష్టం ఎక్కడ పుట్టిందంటే కాగ్‌వర్క్ డాన్సర్స్ దగ్గర. సిటడెల్ నడిబొడ్డున చక్రాల గదిలో ఇద్దరు మర బొమ్మలు. గాల్లో గీతలు మెరుస్తాయి, ఏ దారిలో దూకబోతున్నారో ముందే చెప్తారు, తాళానికి సరిగ్గా దూకుతారు. మొదట మనకి దెబ్బలే, తర్వాత చెవి పాటకి అలవాటు పడుతుంది, తర్వాత మన కాలు కూడా అదే తాళంలో పడుతుంది, కొట్టేది ముగ్గురు కలిసి ఆడే ఆటలా అవుతుంది. క్రిస్టఫర్ లార్కిన్ సంగీతం మొత్తం గేమ్‌లో బాగుంటుంది గానీ ఇక్కడ సంగీతం లేకపోతే ఫైటే లేదు. చివర్లో ఒకరు ఆగిపోతారు. మిగిలినవాళ్ళు ఒక్కరే మళ్ళీ మొదలుపెడతారు, పాట నెమ్మదిస్తుంది, పక్కన మనిషి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది, అయినా అవే అడుగులు. ఆ ఒక్కరిని కొట్టడానికి నా చెయ్యి ఆగింది. కొట్టక తప్పదు. గేమ్‌లు కళ అవునా కాదా అని వాదించేవాళ్ళకి నేను వేరే ఏం చెప్పను, ఈ ఫైట్ ఆడండి అంటా.

ఇంత పొగిడాక ఇప్పుడు కోపం.

బైల్‌వాటర్‌తో మొదలుపెడతా. మురికి నీళ్ళ ఊబి, నీళ్ళలో పడితే ఒంటికి పురుగులు పట్టుకుంటాయి, అవి ఉన్నంతసేపు సిల్క్ తిరిగి ఊరదు, బైండ్ కొడితే పురుగులు పోతాయి గానీ మాస్కులు రావు. ఐడియా బాగుంది, అసహ్యం కలగాలనే పెట్టారు, కలిగింది. కానీ ఆ ఊబి చివర గ్రోల్ అనే బాస్ ఉన్నాడు, వాడి ముందు గుంపులు గుంపులుగా చిన్న శత్రువులు, దగ్గరలో ఉన్న బెంచీ ఏమో పగలగొట్టాల్సిన గోడ వెనక దాచిపెట్టారు, ఆ బెంచీ దొరికినా కూడా అక్కడి నుంచి వాడి దాకా పెద్ద దారే. చచ్చిన ప్రతిసారీ అదే ఊబి, అదే గుంపు, ఆ తర్వాత కదా బాస్. జడ్జ్ దగ్గర దారి నాకు ఏదో చెప్పింది, ఇక్కడ దారి చెప్పాల్సింది మొదటిసారే చెప్పేసింది, మిగతాదంతా చెప్పిందే చెప్పడం. మా వాడు ఇక్కడే ఆపేశాడు, పక్కన పెట్టేసి ఇంకో గేమ్ మొదలుపెట్టాడు.

వాడితో చాలా వాదించా. "అన్నా, నేను పొద్దున పోయి రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తా, నాకున్నది ఒక గంట, ఆ గంటలో ముప్పావు గంట నడకే అయితే నేను ఆడింది ఏంది చెప్పు" అన్నాడు. "నడిచేదాంట్లో కూడా నేర్చుకుంటావురా" అన్నా. "మొదటి రెండుసార్లు నేర్చుకుంటా, తర్వాత నేర్చుకోడానికి ఏముందన్నా ఆడ" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆన్‌లైన్‌లో "గిట్ గుడ్", అంటే ఆట నేర్చుకోపో, అని ఒక మాట పడేసి పోయేవాళ్ళ దగ్గర కూడా లేదు. వాడికి చేతకాక కాదు, మొదటి గేమ్‌లో పాత్ ఆఫ్ పెయిన్ అనే మహా కష్టమైన దారి దాటినోడు వాడు. చేతనైనోడు కూడా విసిగి లేచిపోయాడంటే ఆ కష్టం చేతిని పరీక్షించట్లా, ఓపిక్కి కూడా కాదు, ఖాళీ టైమ్ ఎంతుందో పరీక్షిస్తుంది. అది ఆటగాడి గుణం కాదు, వాడి జీవితంలో వీలు.

అట్టాగని ఈజీ మోడ్ పెట్టమనే వాళ్ళతోనూ నేను లేను. లాస్ట్ జడ్జ్ దెబ్బకి ఒక మాస్కే తీస్తే ఆమె జడ్జ్ కాదు. దెబ్బలు అట్టాగే ఉంచి దారి తగ్గించండి అనేదే నా మాట, ఆ రెండూ వేరు వేరు అని ఒప్పుకోకుండా చేసే వాదన ఎంతసేపైనా తెగదు.

ఇక మూడో అంకం. ఫార్లూమ్‌ని ఏలే గ్రాండ్ మదర్ సిల్క్‌ని బంధించాక అడుగునుంచి వాయిడ్ అనే నల్లటి చీకటి పైకొచ్చి ఫార్లూమ్ మొత్తం కమ్ముకుంటుంది. కథ పరంగా ఇది గేమ్‌లోకెల్లా గొప్ప మలుపు, ఎందుకంటే అది మనం చేసిన పనికి వచ్చిన ఫలితం. ముసలి యోధుడు గార్మండ్ ఉంటాడు, దారిలో కలిసి నవ్వించినోడు, యుద్ధంలో మన పక్కన నిలబడినోడు. ఈ అంకంలో ఆయనకే వాయిడ్ పట్టి మన మీదికి వస్తాడు. కార్మెలిటా అనే చీమల రాణి పాత జ్ఞాపకంలో పాడుతూ యుద్ధం చేస్తుంది, ఆ ఫైట్ కష్టం డాన్సర్స్ కష్టం లాంటిదే, నేర్చుకునే కొద్దీ ఇష్టం పెరుగుతుంది. చివరికి హార్నెట్ అడుగుకి దిగేది అంతకుముందు తనతో పోరాడిన లేస్‌ని చంపడానికి కాదు, కాపాడి తేవడానికి. ఇదంతా అద్భుతం.

కానీ పక్కనే వంద శాతం అనే పని ఉంది. మొదటి గేమ్‌లో బాస్‌లని కొడితే శాతం పెరిగేది. ఇక్కడ నేరుగా బాస్‌కి ఒక్క శాతం కూడా లేదు. 51 టూల్స్‌కి 51 శాతం, మిగతాది మాస్కులు, స్పూల్‌లు, క్రెస్ట్‌లు, సూది పదును, సంచీ, ఇట్టాంటివి. అంటే ఆ నంబర్ చెప్పేది మనం ఏం గెలిచామని కాదు, సంచీలో ఏం ఉన్నాయని. కాబట్టి లోకం మునిగిపోతుంటే మనం సామాన్లు ఏరుకుంటా తిరుగుతాం. సూదికి ఆఖరి పదును పెట్టాలంటే పేల్ ఆయిల్ కావాలి. ఒకటి కావాలంటే తిండిపోతు ఒకాయన అడిగిన వంటకాలన్నీ తేవాలి, అందులో ఒక మాంసం ముక్క మోసుకుపోతుంటే టైమ్ దిగుతా ఉంటుంది, దెబ్బ తగిలితే ఇంకా తగ్గుతుంది, స్టేషన్ల మధ్య మనల్ని మోసుకుపోయే బెల్ బీస్ట్ ఎక్కి పోవడానికి లేదు, నడిచే పోవాలి. ఇంకోటి ఫ్లీలు అనే చిన్న పురుగుల జాతరలో ఆటలు గెలిస్తే వస్తుంది. ఆ ఫ్లీలంటే నాకు ప్రాణం, ముప్పైమందిని వెతికి వెతికి తెచ్చా, లోకం పోతుందని తెలిసి జాతర చేసుకోవడం కూడా మనసుకి పట్టింది. ఆ జాతర నాకు సూది పదును కోసం కాకుండా ఊరికే ఇష్టంతో ఆడుకునేది అయ్యుంటే ఎంత బాగుండేది అనిపించింది.

నా వాదన మొత్తం ఇక్కడికే వస్తుంది. మొదటి అంకంలో పూసలు లెక్కపెట్టించినప్పుడు సిటడెల్ ఉంది, దోచుకునేది అది. మూడో అంకానికి సిటడెల్ కూలింది, వసూలు చేసేవాళ్ళు ఎవరూ మిగల్లా, అయినా వసూలు మాత్రం ఆగలా. అప్పుడు చేయి చాపింది ఎవరు? గేమే. నమ్మి పైదాకా ఎక్కినోడి దగ్గర ఇంకొంచెం ఇంకొంచెం అని తీసుకుంది. ఆ యాత్రికుల మీద జాలిపడేట్టు చేసి, చివర్లో మనల్నే ఆ వరసలో నిలబెట్టడం నాకు నచ్చలా, అది వాళ్ళు కావాలని చేశారని కూడా నేను అనుకోవట్లా, ఇష్టంతో చేస్తూ పోయినప్పుడు ఎక్కడ ఆపాలో తెలియక చేసినట్టుంది. ఆ ఏడేళ్ళ ఇష్టమే మంచికీ చెడ్డకీ కారణం అని నా నమ్మకం.

వంద పడ్డాక ఏమనిపించింది అంటే, ఏం అనిపించలా, నిజంగా. వాయిడ్ పట్టిన లేస్‌తో చివరి ఫైట్ గెలిచినప్పుడు లేచి నిలబడ్డా, ఒళ్ళంతా వణికింది, మా అమ్మ వచ్చి "ఏందిరా" అని అడిగింది. వంద పడ్డప్పుడు టీ చల్లారిపోయిందని చూసుకుని వేడి చేసుకోడానికి పోయా. ఆ రెండు క్షణాలకీ మధ్య ఉన్న పనులన్నీ తీసేసినా ఈ గేమ్ నా మనసులో ఇంతే గొప్పగా ఉండేది, ఇంకా గొప్పగా కూడా ఉండేదేమో.

విడుదలైన కొద్దిరోజులకే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌ల కష్టం కొంచెం తగ్గించారు, ఆ ఇసుక పురుగుల దెబ్బ తగ్గించారు, అప్పుడు కొంతమంది గేమ్ పాడుచేశారని గోల చేశారు. ఏం పాడవలా, జడ్జ్ జడ్జ్‌లాగే ఉంది. అదే చేత్తో ఇంకో మూడు పనులు చేసుంటే బాగుండేదని నా కోరిక: గ్రోల్ గుమ్మం ముందు ఒక బెంచీ, పూసలు కట్టించుకున్నా పర్లేదు. ఆ మాంసం ముక్కకి టైమ్ తీసేసి దెబ్బ తగలకుండా తెస్తే చాలు అనడం. పేల్ ఆయిల్ ఒకటి ఏదన్నా పెద్ద బాస్ చేతిలో పెట్టడం. సీ ఆఫ్ సారో అని ఫ్రీ ఎక్స్‌పాన్షన్ 2026లో వస్తుందని చెప్పారు, వచ్చిన రోజే ఆడతా, అందులో అనుమానం లేదు. మా వాడికి మాత్రం ఈ ఆదివారం నెల్లూరు పోయి ఆ గోడ వెనక బెంచీ చూపించి రావాలి, గ్రోల్‌ని దాటితే వాడు చూడాల్సింది చాలా ఉంది.